వీపు మధ్యన అరచేయంత చోటు

జనవరిలో ఇక్కడ గాలికే నాలుక పిడచకడుతుంది.
బయట మైనస్ ఇరవై ఆరు.
సరస్సు మీద లారీలు నడుస్తున్నాయి.
లోపల రేడియేటర్
ఇంట్లో ఉన్న తడినంతా తాగేసి
ఇంకా దాహం తీరనట్టు టిక్కుటిక్కుమంటోంది.
దాని మీద నేను పెట్టి వెళ్లిన నీళ్ల గిన్నె
శుక్రవారం నుంచి మంగళవారానికి
అడుగున తెల్లటి ఉంగరం మిగుల్చుకుంది.

నేను తలుపు తీసేసరికి తౌనో గారు
ద్వారబంధానికి వీపు ఆనించి
ఎలుగుబంటిలా రాచుకుంటున్నారు.
నన్ను చూసి ఆగి,
"కొయ్య నునుపెంతో చూస్తున్నా" అన్నారు.

పెళ్లి చేసుకోలేదాయన. పడవలు చేశారు.
పుమాల రేవులో నలభై ఏళ్లు, నూట పన్నెండు పడవలు.
ఒక్కటీ కారలేదంటారు.
ఒకటి కారిందని వాళ్ల చెల్లెలు హిల్క్కా అంటుంది.

నల్ల మేజోడు విప్పితే
కొంచెం తౌనో నేల మీద రాలారు, పిండి జల్లినట్టు.
పిక్క మీద గోటితో గీస్తే
పలక మీద బలపంలా గీత నిలిచింది.
మడమల్లో బీటలు. ఒకదానిలో నాణెం నిలబెట్టొచ్చు.

వేణ్నీళ్లొద్దు, గోరువెచ్చగా చాలన్నాను.
పైన్ వాసన సబ్బు అలమరలో పెట్టి తాళం వేశాను.
తుండుతో రుద్దకండి, అద్దండి.
ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే
లేపనం రాసేయాలి, ఆలస్యం చేస్తే దండగ.

ఆయనకు కోపమొచ్చింది.
"తడి చెక్క మీద తారు పూసేవాణ్ణి
మా మేస్త్రీ అయితే నీళ్లలోకి తోసేవాడు.
ఎవరమ్మా నీకు పని నేర్పింది?"

"మీరు పడవ కాదు కదా."

ఎందుకన్నానో. చాలాసేపు మాట్లాడలేదు.
కిటికీ అవతల మంచు మీద బోర్లించిన పడవ వైపు చూస్తూ కూర్చున్నారు.
తర్వాత, నాకు కాదు, దానికి చెబుతున్నట్టు:
చలికాలమంతా ఒడ్డున ఉన్న పడవ బక్కచిక్కుతుంది.
పలకల సందుల్లోంచి వెలుతురు కనిపిస్తుంది.
మే నెలలో దాన్ని రేవుకి కట్టి
నీళ్లు నింపి ముంచేస్తాం.
మూడు రోజులు.
చెక్క తాగుతుంది, ఉబ్బుతుంది, సందులు వాటంతటవే మూసుకుంటాయి.
మునిగిందే తేలుతుంది.

"అంటే ముందు నీళ్లు, ఆ పైన మూత," అన్నారు.
"అదేగా నువ్వు మొత్తుకుంటున్నది."
"అదే."
"ముందే ఆ మాట చెప్పొచ్చుగా."

వీపు తిప్పారు.
గరిటె కాడకు గుడ్డ చుట్టి
ఆయనే తయారుచేసుకున్న పరికరం మంచం కింద ఉంది.
అన్ని చోట్లకీ పోతుంది అది,
రెక్కల నడుమ అరచేయంత చోటు తప్ప.
అక్కడ గోళ్లు కాదు, గోడలు గోకిన గుర్తులు.
లేపనం పెట్టగానే
ఆయన భుజాలు రెండూ
బరువు దించిన కావడిలా కిందికి దిగాయి.

నా కాగితంలో దీనికి పద్నాలుగు నిమిషాలు రాసి ఉంది.
పదకొండో నిమిషంలో
చేతిజోళ్లు తీసేస్తుంటే ఆయన చూశారు.
రోజుకి ముప్పైసార్లు కడిగి, స్పిరిట్ రాసి
కణుపుల దగ్గర చిట్లి
ఎర్రగా నోళ్లు తెరిచిన నా వేళ్లు.

"కూర్చో" అన్నారు.
నాకింకా ఇద్దరి ఇళ్లున్నాయన్నాను.
"కూర్చో మర్యుక్కా."

బొటనవేలు మాత్రం ఎక్కడికక్కడ ఆగి
నా చేతిలో నార ఎటు పోతోందో వెతికింది.
ఆ నార వెంటే రాశారు, వేలి చివరి నుంచి మణికట్టు దాకా.
మండింది. చేయి వెనక్కి లాక్కోలేదు.
"రాత్రికి నూలు జోళ్లు తొడుక్కుని పడుకో,"
నా మాటలే, నా గొంతు పెట్టి మరీ,
"వేణ్నీళ్లొద్దు. సబ్బుకి తాళం."

వెళ్లబోతే
తలుపు పిడి నా చేతిలోంచి జారింది.
మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ జారింది.
వెనక నుంచి నవ్వు,
ఆపుకుంటూ, ఆపుకోలేక.
"ఇప్పుడు కారదు" అన్నారు.